ఆలస్యంగా వినిపించిన పాట

మీరెప్పుడైనా గ్రామఫోను రికార్డు చూశారా? నల్లని పళ్ళెంలా ఉంటుంది. దానిమీది సన్నని గాడిలో సూది నడుస్తూ కంపిస్తే పాట పలుకుతుంది. మన దేశంలో వీటి తయారీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో మొదలైంది.

పనిమీద కోల్‌కతా వెళ్ళినప్పుడు, ఒక పాత రికార్డుల దుకాణంలో 'డిస్కో జాజ్' కథ విన్నాను. బెంగాలీ గాయని రూపా బిశ్వాస్ కెనడాలో పాడిన పాటలవి. సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్ పూనికతో సరోదు, తబలా, గిటారు కలిశాయి. కలకత్తా సంస్థ మెగాఫోన్ 1982లో విడుదల చేసింది. పెద్దగా ఎవరూ కొనలేదు. ఆమె సంసారంలో పడిపోయారు. రికార్డు ఇంట్లో పాత సామానులో ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాక అది కొడుకు కంటపడింది. ఆరా తీస్తే, పాత ప్రతులకు విదేశాల్లో ఎంతో ధర పలుకుతోందని తెలిసింది. 2019లో ఒక అమెరికా సంస్థ దాన్ని మళ్ళీ రికార్డుగానే వెలువరించింది. అప్పటికి 37 ఏళ్ళు!

ఇది వింటుంటే నా నోటుపుస్తకం గుర్తుకొచ్చింది. ఇంటర్మీడియట్‌లో రాసిన కథలు ఒక పత్రిక నుంచి తిరిగొచ్చాయని పొయ్యిలో వేశాను. అవి గొప్పవని అనను. కాని ఎలాంటివో ఇప్పుడు నాకే తెలియదు.

దాచినవన్నీ పేరు తెస్తాయని చెప్పలేను. అయినా ఈ పాఠం చివర మీరు రాయబోయే వ్యాసం మీకే నచ్చకపోతే చింపకండి. తేదీ వేసి దాచండి. ఏడాది తర్వాత మరోసారి చదవండి.