మలక్‌పేట నుంచి ఎర్రగడ్డ దాకా

జూన్ 22, 2024, శనివారం

ఈ నోటుబుక్కు సైకాలజిస్టు మేడమ్ పెట్టమన్నది. రాయాల్సినవి నాలుగే: గుబులు ఎక్కడ పుట్టింది, ఆ క్షణాన మనసులో మెదిలిన మాటేమిటి, భయం వందలో ఎంత, చివరికి నిజంగా జరిగిందేమిటి. ఆ లెక్కంతా ఎడమ పేజీల్లో. కుడి పేజీ నాది.

ఈసీజీ మామూలుగానే ఉంది. టూడీ ఎకో, థైరాయిడ్, షుగర్ అన్నీ బాగున్నాయి. మార్చిలో మెట్రోలో ఆ దడ వచ్చినప్పటి నుంచి రిపోర్టుల ఫైలు లావెక్కుతూనే ఉంది. స్టేషన్ మెట్లు చూస్తే ఒళ్లు చెమటలు పట్టడం మాత్రం ఆగలేదు. నాంపల్లిలో బడికి ఇప్పుడు ఆటోలో పోతున్నాను, జీతంలో ఎంత ఆటోలకే పోతోందో మా ఆయన అడగడు. మేడమ్ ఫైలంతా ఓపిగ్గా తిరగేసి, "చేయించడం మంచిదే అయింది. థైరాయిడ్ ఎక్కువైనా ఇట్లాగే దడ వస్తుంది. ఇక మళ్లీ మళ్లీ చేయించకండి" అన్నారు.

తర్వాత తెల్లకాగితం మీద ఒక గుండ్రం గీశారు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 'హార్ట్ అటాకే' అంటుంది మనసు. ఆ మాటకు అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండె ఇంకా వేగం అందుకుంటుంది. 'చూశావా, చెప్పానా' అంటుంది మనసు. 1986లో ఆక్స్‌ఫర్డ్ సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ ఈ రకం దడను, అదే ప్యానిక్‌ను, ఇట్లా వివరించారట. నేను చెప్పేది జీవశాస్త్రం. అడ్రినలిన్‌ను పోరాట, పలాయన హార్మోన్ అని ఏటేటా పదో తరగతికి చెబుతాను. పాఠం తెలియడం వేరు, ఒంటికి నేర్పడం వేరు. నేర్పాల్సింది ఒంటికేనని ఇవాళ అర్థమైంది.

జూలై 6, శనివారం

కౌన్సెలింగంటే ఎదురుగా కూర్చోబెట్టి ధైర్యం చెబుతారనే అందరూ అనుకుంటారు. ఇవాళ నన్ను గబగబా ఊపిరి తీసి వదలమన్నారు. తర్వాత ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాలోంచి పీల్చమన్నారు. ఆపైన తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పారు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, కళ్లు తిరిగాయి, ఛాతీ బిగిసింది. అన్నీ మెట్రోలో వచ్చినవే! ఇక్కడ మాత్రం అవి ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. అతిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అందుకే ఆ తిమ్మిరి. మెదడుకు పోయే రక్తనాళాలు కుంచించుకుంటాయి, అందుకే ఆ తూలుడు. ఆగి కూర్చుంటే కాసేపటికి వాటంతట అవే సర్దుకున్నాయి.

'కళ్లు తిరిగి పడిపోతానేమో' అన్నది నా మనసు ఎప్పుడూ అనే మాట. దాన్నీ విప్పి చూశాం. స్పృహ తప్పాలంటే మామూలుగా బీపీ పడిపోవాలి. ప్యానిక్‌లో బీపీ పెరుగుతుంది. ఇన్ని నెలల్లో ఎన్నిసార్లు పడిపోయారని మేడమ్ అడిగారు. ఒక్కసారీ పడిపోలేదు.

మనసు చెప్పే మాటను వెంటనే నమ్మక, కొట్టిపారేయక, నిజమో కాదో పరీక్షకు పెట్టడమే ఈ చికిత్స. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే డాక్టరు దీనికి దారి వేశారు. ఆయన 2021లో, నూరేళ్లు నిండాక పోయారు.

అసలు కష్టమైన మాట చివర్లో వచ్చింది. నా హ్యాండ్‌బ్యాగులో ఏముంటాయో చెప్పమన్నారు. నీళ్ల సీసా. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్. (అది బీపీని తగ్గించే గుండె మందు, డాక్టరు రాయకుండా వేసుకునేది కాదు.) ఇవి కాక, మెట్రో ఎక్కక తప్పనప్పుడు ఎక్కగానే మా ఆయనకు ఫోన్, నిలబడేది తలుపు పక్కనే. వీటివల్లే గండం గడిచిందని మనసు రాసుకుంటుంది, భయం అబద్ధమని తేలే సందు ఎప్పటికీ దొరకదు. అసలు తీరకుండా ఏళ్ల తరబడి వడ్డీ కడుతున్నట్టు. ఒక్కొక్కటీ వదలాలట. ముందు మాత్ర. ఆఖరికి ఫోన్.

జూలై 28, ఆదివారం

లాల్‌దర్వాజా బోనాలు. పొద్దున్నే అత్తమ్మతో కలిసి వెళ్లొచ్చాను. డప్పులు, పోతరాజులు, ఇసుక వేస్తే రాలని జనం. భయం 60 దాకా పోయి, అమ్మవారి ముందుకొచ్చేసరికి 30కి దిగింది. గుడిమెట్ల దగ్గర మధ్యలో తిరిగి వచ్చేయాలనిపించింది, రాలేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మ తలుపు దగ్గరగా వేసి అడిగింది. "సైకాలజిస్టంటే ఎర్రగడ్డకు పోవుడే కదా బిడ్డా? నలుగురికి తెలిస్తే రేపు పిల్లకు సంబంధాలెట్లొస్తయ్?" ఆమెకు నా మీద కోపం లేదు, ఉన్నదంతా ప్రేమే. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఎర్రగడ్డ అనేది ఆసుపత్రి పేరు కాదు, తిట్టు. "వీణ్ని ఎర్రగడ్డల ఏయాలె" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు మలక్‌పేటలో ఉండరు.

నిజానికి అది ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఓపీ ఉంది, డాక్టర్లున్నారు, నిద్ర పట్టనివాళ్లు, దిగులుతో కుంగినవాళ్లు వచ్చి చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే వణుకుతో, మతి చెదిరి ఎందరో అక్కడికే పరుగెత్తారు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం ఒక్కసారిగా అందకపోతే అట్లా అవుతుంది. అదే అల్ప్రాజోలాన్ని టెన్షన్‌కని మందుల షాపులో చీటీ లేకుండా అడిగి కొనుక్కునేవాళ్లు నాకు తెలుసు. దాని గురించి ఎవరూ గుసగుసలాడరు. డాక్టరు దగ్గరికి పోతేనే పరువు పోతుందా? ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

అత్తమ్మకు ఆ గుండ్రం గీసి చూపించాను. చాలాసేపు చూసి, "మీ మామయ్య పోయినంక నాకు రాత్రిళ్లు గిట్లనే అయ్యేది, గ్యాసనుకున్న" అంది.

ఆగస్టు 17, శనివారం

తక్కువ భయపెట్టే పని నుంచి ఎక్కువ భయపెట్టే పని దాకా ఒక మెట్ల వరుస ముందే రాసుకున్నాం. మొదటి మెట్టు మలక్‌పేట ప్లాట్‌ఫాం మీద ఊరికే నిలబడటం. తర్వాత ఎంజీబీఎస్ దాకా, ఒక్క స్టేషన్. తర్వాత నాంపల్లి, మనిషి తోడుతో, ఆపైన ఒంటరిగా. చిట్టచివరి మెట్టు ఎక్కడో నేనే చెప్పాను: ఎర్రగడ్డ. అదీ మన ఎర్ర లైను మీదిదే. మేడమ్ నవ్వలేదు, రాసుకున్నారు.

ఇవాళ నాంపల్లి నుంచి ఒంటరిగా వస్తుంటే రెండు స్టేషన్ల నడుమ రైలు ఆగింది. తలుపులు మూసే ఉన్నాయి. కింద రోడ్డు, బస్సులు, చీమల్లా జనం. మనసు తన మాట అననే అంది: 'ఇప్పుడొస్తే దిగడానికి కూడా లేదు.' 85. సీసా ఇంట్లో వదిలేశాను. చేయి ఫోన్ మీదికి పోయింది. తీయలేదు.

ఊపిరిని లెక్కపెట్టలేదు, దేవుడి పేరు తలుచుకోలేదు. భయాన్ని తరమడానికి ఏదీ చేయకూడదన్నది ఈ మెట్టు షరతు. 'రానీ, ఎంతవరకు వస్తావో చూస్తాను' అనుకుంటూ నిలబడ్డాను. గుండె చెవుల్లో మోగింది. కాళ్లు వణికాయి. ఎదుటి సీట్లో ఒకాయన పేపరు మడిచి మళ్లీ విప్పాడు. ప్యానిక్ నిమిషాల్లోనే శిఖరానికి చేరి దిగడం మొదలుపెడుతుందని మేడమ్ అన్నది అప్పుడు చూశాను. 85 నుంచి 70. రైలు కదలకముందే దిగుతోంది! అదే నాకు ముఖ్యం. రైలు కదిలినందుకు భయం తగ్గి ఉంటే నేను నేర్చుకున్నది ఏమీ ఉండేది కాదు. మలక్‌పేటలో దిగేటప్పటికి 35.

ఎడమ పేజీ, నాలుగో గడి: 'ఏమీ జరగలేదు.'

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే వాన. రేపు బడులకు సెలవు. పక్కింటి ఆపా పిల్లల్ని మంచాల మీద కూర్చోబెట్టి, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, నిద్రపోకుండా వాకిట్లోకి చూస్తోంది. 2020 అక్టోబర్ 13 రాత్రి వాళ్ల పుట్టింట్లోకి నడుముల లోతు నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, ఆమెకు చేతులు చల్లబడతాయి. "దిల్ ఘబ్రారా బాజీ" (గుండె గాభరాగా ఉంది అక్కా) అంటుంది. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లి తాయెత్తు కట్టించుకుంది. దర్గాలో కూర్చుంటే నెమ్మదిగా ఉంటుందంటే నేను నమ్ముతాను, వెళ్లమనే అంటాను. ఆ నెమ్మదితో పాటు ఈ శిక్షణ కూడా ఆమెకు అందాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ఆందోళన రుగ్మతలతో ఉన్నవాళ్లు 30 కోట్ల పైమాటే. ఆడవాళ్లే ఎక్కువ. చికిత్స అందేది నలుగురిలో ఒక్కరికి. మా గోడకు అటు ఆపా, ఇటు నేను. నాకు అందింది, ఆమెకు అందలేదు. సెషన్‌కు వెయ్యి రూపాయలు నేను పెట్టగలిగాను, ఆమె పెట్టలేదు. తేడా అంతే.

అక్టోబర్ 10, గురువారం

బతుకమ్మ సెలవులు. సాయంత్రం సద్దుల బతుకమ్మ, తంగేడు ఇంకా తేవాలి. పొద్దున్నే ఎర్రగడ్డ దాకా వెళ్లొచ్చాను. ఒంటరిగా. మూసీ దాటాక కాసేపు 40. తర్వాత కిటికీలోంచి ఊరు చూస్తూ లెక్క మరిచిపోయాను. దిగి, ఆసుపత్రి గేటు దాకా నడిచి, ఓపీ వేళలు రాసుకుని వచ్చాను, ఆపా కోసం. ఆమె వస్తానంది, నేను తోడు పోతాను.

దడ పూర్తిగా పోయిందని రాయను. మొన్న పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చింది, దిద్దుతూనే ఉన్నాను, పోయింది. అందరికీ ఇదొక్కటే సరిపోదు కూడా. కొందరికి మందులు కావాలి. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, బాగుందని సొంతంగా ఆపేయకూడదు.

ఆపాకు ఇవ్వడానికి విడిగా రాస్తున్నాను. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు చూడగానే కూర్చోకు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు. అడిగితే మంచివాళ్లెవరూ తప్పు పట్టరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం నీ హక్కు, ఎవరి దయా కాదు. అక్కడిదాకా పోయే లోపు రాత్రి గుబులు పుడితే 14416కు ఫోన్ చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం సరిగ్గా రెండేళ్ల కిందట, 2022లో ఇదే రోజున మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు, రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది.