తుపాకీ బేరం

ఏ వస్తువు కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కోవడం మా వంశంలో వస్తున్న జబ్బు. మా నాన్న ఒక గొడుగు కొనడానికి ఒంగోలు బజారంతా తిరిగి, కాళ్లు పీకాక మొదటి కొట్లోకే వచ్చి కొనేవాడు. నేనూ అంతే. 1979లో ఒక హెచ్.ఎం.టి. వాచీ కొనడానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా మా ఆవిడ, "మీరు టైము చూసుకునే టైముకి రిటైరవుతారు" అంది.

ఆ జబ్బు మా అబ్బాయికీ దిగింది. వాడుండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. మొన్న వేసవికి మేమిద్దరం వెళ్లాం. మూడో రోజున వాడి బల్ల మీద గళ్ల నోటుపుస్తకం కనపడింది. వరసగా పేర్లు, పక్కన డాలర్లు, ఆ పక్కన టిక్కులు.

"ఏ కారురా కొనేది?" అన్నాను.

"కారు కాదు నాన్నా, రైఫిలు" అన్నాడు, వంకాయలన్నంత తేలిగ్గా.

విషయమేమిటంటే, పక్క వీధిలో ఒక తెలుగువాళ్లింట్లో దొంగలు పడ్డారు. వాళ్లు పెళ్లికి వెళ్లొచ్చేలోగా వెనక తలుపు పగలగొట్టి బంగారమంతా ఊడ్చుకుపోయారు. మనవాళ్ల బీరువాల్లో ఏముంటుందో అక్కడి దొంగలకీ తెలిసిపోయింది మరి. ఆ రోజునుంచీ మా కోడలు రాత్రిపూట చీమ చిటుక్కుమన్నా లేచి కూచుంటోంది. వీసా మీద ఉన్నన్నాళ్లూ మామూలుగా తుపాకీ కొనడానికి వీల్లేదట. ఇప్పుడు గ్రీన్ కార్డొచ్చింది. ఒక ఫారం నింపి, పాత నేరాలేమీ లేవని వాళ్లు ఫోన్లోనో కంప్యూటర్లోనో చూసుకుంటే చాలు. మన దేశంలో ఇలాంటిది మామూలు మనిషికి లైసెన్సు మీదైనా దొరకదు.

శనివారంనాడు నన్నూ కొట్టుకి తీసుకెళ్లాడు. బేరానికి పెద్దవాడు ఉండాలి కదా!

అదొక కిరాణా కొట్టంత మామూలుగా ఉంది. గోడపొడుగునా నల్లటి రైఫిళ్లు, అన్నీ కవల పిల్లల్లా ఒకటే పోలిక. "అన్నీ ఒకటే అయితే ధరలిన్ని రకాలెందుకు?" అని అడిగాను. మా అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే కొట్టతను సంబరపడిపోయాడు. ఇలాంటి ప్రశ్న అడిగే తండ్రులు అక్కడికి అట్టే రారనుకుంటాను.

ఆ రకాన్ని ఏఆర్-15 అంటారు. ఏఆర్ అంటే ఆర్మలైట్ రైఫిల్ అని, తయారుచేసిన కంపెనీ పేరు. యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు 1950లలో దీని పనితనం ఊహించాడు. ఆ కంపెనీ 1959లో హక్కులు కోల్ట్ వాళ్లకి అమ్మేసింది. 1964 నుంచి కోల్ట్ వాళ్లు మామూలు జనానికి అమ్మారు. 1977లో పేటెంటు గడువు తీరింది. ఇహ చూసుకోండి, వీధికో ఆవకాయ బ్రాండు పుట్టినట్టు కంపెనీలు పుట్టుకొచ్చాయి. మీట నొక్కినప్పుడల్లా ఒకటే గుండు పేలుతుంది. రెండోది దానంతటదే లోపలికొచ్చి కూచుంటుంది. సెమీ ఆటోమేటిక్ అంటే అదే.

ఇక ధరలు. సౌత్ కరోలినాలోని పామెట్టో స్టేట్ ఆర్మరీ వాళ్లది ఐదారు వందల డాలర్లకే వస్తుంది. రూగర్, స్మిత్ అండ్ వెస్సన్ లాంటి పాత పేర్లవి ఏడెనిమిది వందలు. జార్జియాలోని డేనియల్ డిఫెన్స్ దగ్గరకొచ్చేసరికి రెండు వేల దాకా పాకుతుంది.

"ఆ తేడా ఎక్కడుంది?" అన్నాను.

చాలా కంపెనీల అల్యూమినియం చట్రాలకి పచ్చి దిమ్మలు ఒకే నాలుగైదు కార్ఖానాలనుంచి వస్తాయట. కాబట్టి తేడా అక్కడ తక్కువ. గొట్టంలో ఉంటుంది. ఏ ఉక్కు, లోపల క్రోమియం పూతా లేక నైట్రైడ్ పద్ధతా, కంపెనీవాళ్లే సుత్తులతో సాగగొట్టుకున్నదా, బయట కొన్నదా అన్నది చూడాలి. తర్వాత బోల్టు. ఖరీదైనవాళ్లు ప్రతి బోల్టునీ అయస్కాంతం పెట్టి, కంటికి కనపడని పగుళ్లున్నాయేమో చూస్తారు. చవకవాళ్లలో కొందరు గుత్తకి ఒకటి చూసి సరిపెడతారు. ఆ బోల్టుని మోసే క్యారియర్ మీద రెండు మరలుంటాయి. అవి వదులైతే తుపాకీ మొరాయిస్తుంది. అందుకని బిగించాక పక్కన లోహాన్ని పొడిచి మర మీదికి నొక్కుతారు. మా ఊరి సైకిలు షాపువాడు నట్టు ఊడకుండా ఉలితో ఒక దెబ్బ వేసేవాడే, సరిగ్గా అదే! ఆ దెబ్బ చూస్తే పనివాడెలాంటివాడో తెలుస్తుందని కొట్టతను చెప్పాడు. తక్కిన సొమ్మంతా పేరుకీ పైమెరుగుకీనట.

నాకు చాలా తృప్తి కలిగింది. "మధ్యరకం తీసుకోరా" అన్నాను. వాచీ అయినా, పంపుసెట్టయినా నా తీర్పు ఎప్పుడూ అదే.

కొట్టతను ఒకటి తీసి, లోపల ఖాళీగా ఉందని చూపించి, వెనకనున్న పిడి లాగి వదిలాడు. 'ఖణేల్'మంది. నా ఎడమ చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

ఇంటికొచ్చాక ఆరేళ్ల మా మనవరాలు అడిగింది, "అదెక్కడ పెడతావు నాన్నా?" అని.

"ఇనప్పెట్టెలో, తాళం వేసి."

"దొంగొస్తే తాళం తీసేదాకా ఆగుతాడా?"

మా అబ్బాయి నవ్వాడు, కానీ జవాబు చెప్పలేదు. ఇనప్పెట్టె ధర కూడా నోటుపుస్తకంలో లేదు. గట్టిదైతే అది మధ్యరకం రైఫిలుకంటే ఎక్కువే.

ఆ రాత్రి వాడు నా పక్కన కూచున్నాడు, ఎప్పట్లాగే కుడివైపున. ఎడమ చెవి వినపడదని వాడికి తెలుసు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని పిల్లలకి చెప్పాను. అది అబద్ధం.

మా పెదనాన్నకి లైసెన్సు తుపాకీ ఉండేది. జొన్నచేలో అడవిపందుల కోసం కొన్నది. అసలైన ఇంగ్లండు సరుకని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నడవాలో చిలక్కొయ్యకి వేలాడేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ముక్కాలిపీట ఎక్కి దాన్ని దించాడు. వాడికి పదకొండేళ్లు. లోపల తూటా లేదనుకున్నాం. గోడకి చిల్లులు పడ్డాయి. పక్కనే ఉన్న నాకు చెవి పోయింది. జానెడు ఇటు జరిగుంటే ఈ కథ చెప్పేవాడే ఉండడు. పెదనాన్న మర్నాడే తుపాకీ తీసుకెళ్లి పోలీసు స్టేషన్లో ఇచ్చేశాడు.

"పెద్దపెదనాన్నా?" అన్నాడు మా అబ్బాయి. ప్రతి సంక్రాంతికీ అరిసెల డబ్బాతో వచ్చి, వీళ్లని భుజాల మీద ఎక్కించుకు తిప్పిన మనిషి! ఆయన పోయేదాకా నాతో మాట్లాడాలంటే కుడిపక్కకే వచ్చి కూచునేవాడు. వీళ్ల ముందు ఆయన తల దించుకోకూడదనే ఆ జ్వరం కథ కల్పించాను.

"ఒరేయ్, ఆ తుపాకీలో లోపమేమీ లేదురా. చాలా నాణ్యమైనది. ఏళ్లతరబడి కొయ్యకి వేలాడినా, నొక్కగానే పేలింది" అన్నాను. వద్దని మాత్రం అనలేదు. రాత్రిళ్లు నిద్రలేనిది కోడలికి, నాకు కాదు.

మేం తిరిగొచ్చిన నెలకి ఫోను చేశాడు. "నాన్నా, ఇనప్పెట్టె కొన్నాను. పదకొండు రకాలు చూశాను. దాన్ని నేలకి బోల్టులేసి బిగించి, బంగారం అందులో పెట్టాం. వెనక తలుపుకి కొత్త గడియ కూడా వేయించాను."

"మరి రైఫిలో?"

"చూస్తున్నాను. ధరలింకా పోల్చాలి."

"తొందరేం లేదు, ఇంకో నాలుగు కొట్లు తిరుగు" అన్నాను.