పేగన్ అనే మాట – పెదబయలు ప్రశ్న

మతాల చరిత్ర చదివే విద్యార్థికి తరచుగా ఎదురయ్యే మాట ‘పేగన్’. దీనిని మనవారు అన్యమతస్థుడనీ, విగ్రహారాధకుడనీ, ఒక్కొక్కప్పుడు అనాగరికుడనీ అనువదిస్తున్నారు. ఈ మాటకు ఒక విచిత్ర లక్షణం కలదు. ఇది మొదట ఎవరూ తమకు తాము పెట్టుకొన్న పేరు కాదు, ఇతరులు పెట్టినది. ఆధునిక కాలంలో మాత్రం ఐరోపా, అమెరికా ఖండాలలో కొందరు దీనిని గౌరవనామంగా స్వీకరించారు.

లాటిన్ భాషలో ‘పాగుస్’ అనగా పల్లెసీమ. ‘పాగానుస్’ అనగా పల్లెవాసి. 4వ శతాబ్దిలో క్రైస్తవం ముందుగా నగరాలలో వ్యాపించగా, పాత దేవతలను విడువని పల్లెవారికి ఈ పేరు కలిగిందని ఒక వాదం. 5వ శతాబ్ది చరిత్రకారుడు ఒరోసియస్ ఈ వాదాన్నే చెప్పాడు. రోమను సైనికులు సైన్యంలో లేనివానిని పాగానుస్ అనేవారు గనుక, క్రీస్తు సైన్యంలో చేరనివాడని అర్థమని మరియొక వాదం. ఏది ఎట్లున్నను, రోము నగరంలోని మహావిద్వాంసులైన సెనేటర్లు సైతం ఈ మాటతో ‘పల్లెటూరివారు’ అయిపోయారు. ఊరిని చెప్పే మాట దోషాన్ని చెప్పే మాటగా మారింది.

మన భాషలలోనూ ఇట్టి మార్పులు కలవు. గ్రామానికి చెందినది ‘గ్రామ్యం’. నేడు అది మోటుదనానికి పేరు. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి శిలలపై క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శాసనాలలో 12వది పాషండులందరినీ గౌరవించమంటున్నది. అక్కడ ఆ మాటకు మతశాఖల వారని మాత్రమే అర్థం. తరువాతి వాఙ్మయంలో పాషండుడు తిట్టయినాడు. అరబ్బీలో ‘కాఫిర్’ పదానికి మూలధాతువు ‘కప్పుట’. ఖుర్ఆన్‌లోని హదీద్ సూరా 20వ ఆయత్‌లో ఆ పదపు బహువచనానికి విత్తనాన్ని మట్టితో కప్పే రైతులని పలువురు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. పాగానుస్‌కూ దీనికీ చుట్టరికం లేదు. అయినను రెండింటి వెనుకా పొలం కనబడుట ఆలోచింపదగినది.

మేము కొంతకాలం పెదబయలులో తెలుగు బోధించినాము. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనున్న ఆ ఊరి పేరులోనే బయలు ఉన్నది. ఒకనాడు ఒక విద్యార్థి దరఖాస్తు కాగితం పట్టుకొని మా వద్దకు వచ్చాడు. అన్ని గడులూ నింపాడు. మతం గడి ఖాళీ. అందులో అచ్చువేసిన మతాల పేర్లు కొన్ని, చివర ‘ఇతరులు’ అని ఒకటి.

“ఇతరులంటే ఎవరు సార్? మేం మా ఊళ్ళోనే ఉన్నాం గదా!” అన్నాడు.

మీ ఇంట ఏమి ఆచరింతురని అడిగినాము. చైత్రంలో ఇటుకల పండుగ చేస్తామన్నాడు. శంకుదేవుని ముందు విత్తనాలు పెట్టి పూజించి, ఆ విత్తనాలు పంచుకొన్న తరువాతనే పొలంలో చల్లుతారట. మగవారు వేటకు పోతారట. ఆడవారు దారికి అడ్డుకట్టి బాటసారుల వద్ద డబ్బులు అడుగుతారట. కొత్త పంట దేవతకు పెట్టనిదే నోట పెట్టరట. వంశాల పేర్లూ చెప్పాడు: కిల్లో వారికి పులి, పాంగి వారికి గద్ద, గొల్లోరి వారికి కోతి, కొర్రా వారికి సూర్యుడు. ఇంత చెప్పి, దీనికి పేరేమని మళ్ళీ మమ్మల్నే అడిగాడు. మన్యంలో తాము హిందువులమని చెప్పేవారున్నారు, క్రైస్తవులైనవారున్నారు. వారి మాట వారిది. ఈ పిల్లవానికి మాత్రం గడిలో పట్టే పేరు లేదు.

పేరు పెట్టినవారు లేకపోలేదు. 1871లో టైలర్ తన గ్రంథంలో ‘ఏనిమిజం’ అనే మాటను ప్రచారంలోనికి తెచ్చాడు. 1901 జనాభా లెక్కలలో గిరిజనుల విశ్వాసాలకు ఆ పేరే వేశారు. 1931లో ‘గిరిజన మతాలు’ అన్నారు. తరువాతి కాలంలో ప్రత్యేకమైన గడి లేకుండా పోయింది. 2011 లెక్కలలో ‘ఇతర మతాలు, విశ్వాసాలు’ కింద చేరినవారు దాదాపు 79 లక్షలు. అందులో ‘సర్నా’ అని తమ పేరు తామే వ్రాయించుకొన్నవారు 49 లక్షలకు పైబడినారు. 2020 నవంబరులో ఝార్ఖండ్ శాసనసభ సర్నాకు ప్రత్యేకమైన గడి కావాలని తీర్మానించింది. ఇది సంఖ్యల తగవు కాదు. తన పేరు తాను చెప్పుకొనే హక్కు తగవు.

ఈ తగవు మనకు పరాయిది కాదు. తెలుగునాట మమ్ము ‘తురక’లన్నారు. మా తాత గోదావరి గట్టు దాటి ఎరుగడు. తుర్కీ దేశం ఏ దిక్కున ఉన్నదో ఆయనకు తెలియదు. పాత గ్రంథాలలో మ్లేచ్ఛులమైనాము. ఇతరులు పెట్టిన పేరు మోయుట ఎంత బరువో అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టివారే కొండవానిని మరొక పేరుతో చిన్నబుచ్చిన, ఆ బరువును దించుకొన్నట్లు కాదు, వేరొకరి నెత్తిన పెట్టినట్లు.

మా విశ్వాసం తౌహీద్. అందులో మాకు సందేహం లేదు. పులిని, సూర్యుని మేము కొలువము. అయినను ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయత్ ఆదేశం. అంగీకరించకపోవుట వేరు, అవమానించుట వేరు.

ఆ విద్యార్థికి మేము పేరు చెప్పలేదు. “మీ పెద్దలనడిగి, వారు చెప్పినదే వ్రాయి, గడి చాలకపోతే పక్కన వ్రాయి” అన్నాము. విద్యార్థి మిత్రులారా, రేపు మీలో కొందరు గుమాస్తాలు, అధికారులు, ఉపాధ్యాయులు కాగలరు. అటువంటి కాగితాలు మీ బల్లమీదికి వచ్చును. అప్పుడు కలం ఎత్తే ముందు, ఎదుట నిలిచిన మనిషిని ఒక్క మాట అడగండి.