మాణా గ్రామం: అర్థమెరిగి వ్రాయుమన్న చోటు



బదరీనారాయణుని దర్శనం ముగించిన యాత్రికులలో అనేకులు సమయాభావం వలన అక్కడినుండే వెనుదిరుగుతారు. ఆలయం దాటి ఉత్తరంగా మరో 3 కిలోమీటర్లు వెళితే, సముద్రమట్టానికి దాదాపు 3,200 మీటర్ల ఎత్తున, సరస్వతీ నది ఒడ్డున మాణా అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ పైన టిబెట్టు సరిహద్దు వరకు మరో జనపదం లేదు. చిరకాలం దానిని భారతదేశపు చివరి గ్రామమని పిలిచేవారు. 2022 అక్టోబరులో ప్రధానమంత్రి ఆ గ్రామంలో ప్రసంగిస్తూ, సరిహద్దు గ్రామాలను మొదటి గ్రామాలుగా భావించాలన్నారు. 2023లో సరిహద్దు రహదారుల సంస్థ అక్కడ ‘భారతదేశపు మొదటి గ్రామం’ అన్న ఫలకాన్ని నిలిపింది.

ఈ రెండు పేర్లలో ఏది సమంజసమని చర్చించుకొనేవారిని చూశాను. పురాణదృష్టితో చూస్తే రెండూ సత్యమే. మహాప్రస్థానం చేసిన పాండవులకు ఇది చివరి ఊరు. మంచుకొండల నుండి దిగివచ్చే సరస్వతికి ఇదే మొదటి ఊరు. పోయేవాడికి అంతమైనది వచ్చేవాడికి ఆరంభమవుతుంది. ఒకే గడప ఇంటికి లోపలా కాదు, వెలుపలా కాదు. మాణా అటువంటి గడప.

గత మహాలయ పక్షంలో కొద్దిమంది యాత్రికులతో కలిసి బదరికి వెళ్లే భాగ్యం కలిగింది. వారిలో ఒక మాతృమూర్తి, ఆమె కుమారుడు ఉన్నారు. ఆమె భర్త గతించి సంవత్సరీకం పూర్తి అయింది. కుమారుడు బ్రహ్మకపాల తీర్థంలో తండ్రికి పిండప్రదానం చేశాడు. మంత్రాలు నేనే చెప్పించాను. మరునాటి ఉదయం అందరం మాణాకు నడిచి వెళ్లాము.

ముందుగా ఆ గ్రామవాసులను గురించి చెప్పాలి. గుహలను మాత్రం చూసి వచ్చిన యాత్రికుడు మాణాలో సగమే చూసినట్లు. ఇక్కడివారు భోటియా జనులు, అందులో మార్ఛా శాఖకు చెందినవారు. పూర్వం మాణా కనుమ మీదుగా టిబెట్టుతో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసేవారు. 1962 యుద్ధానంతరం ఆ మార్గం మూతపడింది. ఇప్పుడు ఉన్ని నేత, ఓషధుల సేకరణ, యాత్రికుల రాకపోకలు వారికి ఆధారం. శీతకాలంలో ఊరంతా మంచులో మునిగిపోతుంది గనుక చమోలీ జిల్లాలోని దిగువ గ్రామాలకు తరలిపోయి, ఆలయం తెరిచే వేళకు మరల పైకి వస్తారు. అంటే స్వామికి, వారికి ఒకే పంచాంగం.

బదరీక్షేత్రానికి క్షేత్రపాలకుడైన ఘంటాకర్ణుని ఆలయం ఈ ఊరిలోనే ఉన్నది. హరివంశంలో అతని కథ ప్రసిద్ధం. శివభక్తితో, విష్ణునామం చెవిన పడరాదని చెవులకు గంటలు కట్టుకొన్నవాడు. చివరకు బదరిలో శ్రీకృష్ణుని దర్శించి ముక్తి పొందినవాడు. వినను అని పంతం పట్టినవాడినే కావలిగా నియమించిన స్వామి ఔదార్యం ఎంతటిదో భక్తులు గ్రహించాలి.

గ్రామానికి సమీపంలో అలకనంద తీరాన మాతామూర్తి ఆలయం ఉన్నది. దక్షపుత్రిక, ధర్ముని పత్ని అయిన మూర్తీదేవి నరనారాయణులకు జనని. ఏటా భాద్రపద శుద్ధ ద్వాదశినాడు, వామన జయంతి రోజున, బదరీనాథుని ఉత్సవమూర్తి అయిన ఉద్ధవుడు ఊరేగింపుగా ఇక్కడికి వస్తాడు. జగన్నాథుడు తన తల్లిని చూడడానికి వచ్చినట్లు ఆ ఉత్సవాన్ని జరుపుతారు. ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి తత్త్వోపదేశం చేసి బదరికాశ్రమానికి పొమ్మని ఆనతిచ్చిన ఘట్టం మనకు తెలిసినదే. పొమ్మన్న చోటికి వచ్చిన భక్తుడే నేడు స్వామికి ప్రతినిధిగా తల్లి వద్దకు పోతున్నాడు.

ఇక ఘృతకంబళం. శీతకాలానికి బదరీ ఆలయ ద్వారాలు మూసేనాడు, మాణా స్త్రీలు నేసిన ఉన్ని కంబళికి నేయి పూసి స్వామికి కప్పుతారు. ఆరు మాసాలు స్వామి ఆ కంబళిలోనే ఉంటాడు. వసంతంలో ద్వారాలు తెరిచాక దానిని ప్రసాదంగా పంచుతారు. రావల్ అనబడే ప్రధానార్చకుడు కేరళ నుండి వచ్చిన నంబూద్రి బ్రాహ్మణుడు. కంబళి సరిహద్దు గ్రామపు స్త్రీల చేతిపని. అర్చకవృత్తిలో ఉన్న నాకు ఆ సేవ విన్నప్పుడు కలిగిన భావం ఒక్కటే. ద్వారాలు తెరిచినప్పుడు జరిగే సేవను లోకమంతా చూస్తుంది. ద్వారాలు మూసిన తరువాత స్వామికి చలి వేస్తుందేమో అని తలచినవారు మాణా స్త్రీలు.

ఊరి పైభాగాన గణేశగుహ, దానికి మరికొంత ఎగువన వ్యాసగుహ ఉన్నాయి. వ్యాసగుహ పైనున్న శిల పొరలుపొరలుగా, పేర్చిన తాళపత్రాల కట్ట వలె కనిపిస్తుంది. దానిని వ్యాసపోథి అంటారు. ఇక్కడే వ్యాసభగవానుడు చెప్పగా గణపతి భారతాన్ని లిఖించాడని స్థలపురాణం. గుహలో నమస్కరించి వెలుపలికి రాగానే ఆ యువకుడు వినయంగానే అడిగాడు.

‘‘గురువుగారూ, ఇక్కడే వ్రాశారనడానికి ఆధారం ఏమిటి?’’

పక్కనున్న తల్లి అతనిని వారించబోయింది. ‘‘అడగనివ్వండమ్మా’’ అన్నాను. ప్రశ్న శ్రద్ధకు శత్రువు కాదు. నచికేతుడు అడిగాడు, మైత్రేయి అడిగింది, అర్జునుడు అడిగాడు. అడగకుండా ఉపనిషత్తు పుట్టలేదు.

అతనికి చెప్పినదే ఇక్కడా చెబుతాను. భాగవతం ప్రథమ స్కంధం వ్యాసుని ఆశ్రమాన్ని సరస్వతీ నది పశ్చిమ తీరాన, బదరీవృక్షాల నడుమ, శమ్యాప్రాసమన్న పేరుతో వర్ణించింది. ఆ వర్ణనకు ఈ ప్రదేశాన్ని పెద్దలు అన్వయించుకొన్నారు. ఈ సరస్వతి, ఋగ్వేద నదీసూక్తంలో యమునా శుతుద్రుల నడుమ కీర్తించబడిన మహానది, రెండూ ఒకటేనని నిర్ణయించడం సులభం కాదు. గణపతి లేఖకుడైన కథ అనేక ప్రతులలో ఆదిపర్వారంభాన ఉన్నది. కాని 1966లో పూర్తి అయిన పుణె భాండార్కర్ సంస్థ వారి సంశోధిత ప్రతిలో దానిని మూలంలో గాక అనుబంధంలో చేర్చారు. ఇవి దాచవలసిన విషయాలు కావు.

‘‘అయితే మనం నమస్కరించినది దేనికి?’’ అన్నాడతను.

‘‘ఒక నియమానికి, నాయనా’’ అన్నాను.

ఆ కథను స్మరించండి. నా లేఖని ఆగకూడదు, ఆగితే వ్రాయను అన్నాడు గణపతి. సరే, అర్థం తెలియకుండా ఏదీ వ్రాయకూడదు అన్నాడు వ్యాసుడు. మొదటిది వేగానికి సంబంధించిన నియమం, రెండవది జ్ఞానానికి సంబంధించినది. విద్యలకు అధిపతియైన విఘ్నేశ్వరునికే ఆ నియమం తప్పలేదు. ఆయన సైతం గ్రంథగ్రంథి ఎదురైనప్పుడు క్షణం ఆగి ఆలోచించాడని పెద్దలు చెబుతారు. వేదపాఠశాలలో బాల్యమంతా మేము స్వరం తప్పకుండా వల్లించడమే నేర్చుకొంటాము. అది అవసరం, స్వరరక్షణ లేకపోతే వేదమే నిలిచేది కాదు. కాని నిరుక్తకారుడైన యాస్కుడు, వేదం చదివి అర్థం ఎరుగనివాడిని బరువు మోసే స్తంభంతో పోల్చిన మాటను మా గురువుగారు మాచేత మరువనిచ్చేవారు కారు. లక్ష శ్లోకాల భారతాన్ని వ్యాసుడు మూడేళ్లలో రచించాడని ఆదిపర్వం చెబుతుంది. రచించడానికి మూడేళ్లు పట్టింది. అర్థం చేసుకోవడానికి ఒక జన్మ చాలునని ఏ పండితుడూ చెప్పలేదు.

ఆ యువకుడు మరేమీ అడగలేదు. తరువాతి ప్రశ్న అతని తల్లిది.

గుహల నుండి కొంత దూరం నడిస్తే భీమపూల్ వస్తుంది. రెండు కొండల మధ్య ఇరుకు గండిలో సరస్వతి ఘోషిస్తూ దూకుతుంది. ద్రౌపది దాటలేకపోతే భీమసేనుడు ఒక మహాశిలను తెచ్చి అడ్డంగా వేశాడని, అదే ఈ వంతెన అని కథనం. భారతలేఖన సమయంలో నది చేసే ఘోషకు విసిగి మెల్లగా పొమ్మని శపించినందువల్లనే, కొద్ది దూరం పోయి కేశవప్రయాగలో అలకనందతో కలిశాక సరస్వతి పేరైనా వినిపించదని మరొక కథనం. అక్కడినుండి 5 కిలోమీటర్లు నడిస్తే వసుధార జలపాతం. ఇంకా ఎగువకు సతోపంథ్, స్వర్గారోహిణి. పాండవులు నడిచిన దారి ఇదేనని స్థానికుల విశ్వాసం.

ఆ శిల మీద నిలబడి ఆమె పైకి పోయే కాలిబాటను చాలాసేపు చూసింది. తరువాత నదీఘోషలో నాకు మాత్రమే వినబడేటట్లు అడిగింది.

‘‘పంతులుగారూ, దారిలో ద్రౌపది పడిపోతే ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదంటారు గదా. మా వారు పోయి ఏడాది దాటింది. నిన్న పిండాలు కూడా పెట్టాము. ఇక వెనక్కి చూడకూడదంటున్నారు అందరూ. చూడకుండా ఉండడం నా వల్ల కావడం లేదు. ఇది అధర్మమా?’’

మహాప్రస్థానిక పర్వంలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోతారు. ప్రతిసారీ భీముడు కారణం అడుగుతాడు. ధర్మరాజు కారణం చెబుతాడు, వెనుకకు చూడకుండా ముందుకు సాగుతాడు. లోకం జ్ఞాపకం ఉంచుకొన్నది ఇంతవరకే. ఈ ఒక్క ఘట్టాన్ని పట్టుకొని, మమకారం లేకపోవడమే వైరాగ్యమని, దుఃఖించేవారికి ధర్మం తెలియదని ఉపదేశించేవారు ఉన్నారు. అర్థం తెలియక వ్రాయవద్దన్న చోటి నుండి కూతవేటు దూరంలో నిలబడి, ఆమెకు ఆ సగం మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

‘‘అమ్మా, ఆ కథ అక్కడితో ముగియలేదు. తరువాతి పర్వం కూడా విందురుగాని, ఇలా కూర్చోండి’’ అన్నాను.

తోడుగా వచ్చిన కుక్కను విడిచిపెడితేనే రథం ఎక్కమన్నాడు ఇంద్రుడు. శరణు కోరి వెంట వచ్చిన జీవిని విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్క ధర్మదేవతయే. ఇది ఒక పరీక్ష. సశరీరంగా స్వర్గానికి చేరాక స్వర్గారోహణ పర్వం మొదలవుతుంది. అక్కడ దుర్యోధనుడు సింహాసనం మీద వెలుగుతున్నాడు. తమ్ములు లేరు, ద్రౌపది లేదు. వారు ఉన్నచోటే నాకు స్వర్గం, ఇది నాకు స్వర్గం కాదన్నాడు. దేవదూత అతనిని చీకటి, దుర్గంధం నిండిన దారిలో తీసుకొనిపోయాడు. భరించలేక ధర్మరాజు వెనుదిరిగాడు. అప్పుడు చీకటిలోనుండి కంఠస్వరాలు వినవచ్చాయి. నీ శరీరం మీదుగా వచ్చే గాలి మాకు సుఖంగా ఉన్నది, క్షణం ఆగుమని వేడుకొన్నాయి. ఎవరు మీరని అడిగితే, కర్ణుడిని, భీముడిని, అర్జునుడిని, ద్రౌపదిని అని పలికాయి. ధర్మరాజు దూతతో నీవు పో, నేను ఇక్కడే ఉంటానన్నాడు. తన వారికి తన ఉనికి ఊరటనిస్తున్నది గనుక నరకంలోనే నిలిచిపోయాడు. మరుక్షణం దేవతలు వచ్చారు, ఆ చీకటి మాయమైంది.

‘‘దారిలో వెనక్కి చూడనివాడే, నరకంలో వారి గొంతు విని కదలలేదమ్మా. దారిలో ఆగితే ప్రస్థానం ఆగిపోతుంది గనుక నడిచాడు. ప్రేమ లేక నడవలేదు. అన్నదమ్ములను, భార్యను మరిచినవాడైతే స్వర్గంలో వారిని వెదికేవాడు కాదు. మీరు నడవండి. బిడ్డ ఉన్నాడు, ఇల్లు ఉన్నది, నిత్యదీపం ఉన్నది. నడుస్తూ తలచుకోండి. అది అధర్మం కాదు.’’

ఆమె ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకొని, నదిలోకి వంగి దోసెడు నీళ్లు తెప్పించుకొని తలపై చల్లుకొన్నది. ఆ నీళ్లు తెచ్చిన కుమారుడు తల్లి చేయి పట్టుకొని మెట్లు దింపాడు. ఆధారం అడిగిన ఆ అబ్బాయే దారిలో నాతో మెల్లగా, ‘‘గురువుగారూ, తెలుగులో ఆ రెండు పర్వాలు ఎక్కడ చదువుకోవచ్చు?’’ అన్నాడు. విరాటపర్వం నుండి స్వర్గారోహణం వరకు 15 పర్వాలను ఆంధ్రీకరించినవాడు తిక్కన సోమయాజి గనుక, ఆ మహాకవి పేరు చెప్పాను.

ఉత్తరాఖండ యాత్రకు వెళ్లే ఆస్తికులకు ఒక విన్నపం. మాణాకు వెళ్లేముందు మహాప్రస్థానిక, స్వర్గారోహణ పర్వాలను విడదీయకుండా ఒక్కసారైనా కలిపి చదవండి. రెండూ చిన్న పర్వాలే, ఒక పూటలో పూర్తవుతాయి. గుహలకు పోయేటప్పుడు ఘంటాకర్ణునికి, మాతామూర్తికి నమస్కరించండి. ఆ ఊరి స్త్రీలు అమ్మే ఉన్ని వస్త్రం కొనేటప్పుడు బేరమాడకండి. స్వామికి కంబళి నేసే చేతులవి. స్థలపురాణం విన్నప్పుడు ఇది నిజమా అని మాత్రమే గాక, ఇది నన్ను ఏమి అడుగుతున్నది అని కూడా ప్రశ్నించుకోండి. దుఃఖంలో ఉన్నవారికి శాస్త్రం చెప్పవలసి వచ్చినప్పుడు పూర్తి శాస్త్రం చెప్పండి. సగం చెప్పిన శాస్త్రం గాయమవుతుంది. పూర్తిగా చెప్పిన శాస్త్రం ఔషధమవుతుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.