కొత్తోళ్ళు ముందు

జనవరి 19, ఆదివారం. అవుకు

ఈసారి మా కొండలెక్కే గుంపులో కొత్తగా చేరినవాళ్ళు ఐదుగురు. పొద్దున ఆరింటికి రిజర్వాయరు కట్ట మీదికి రమ్మంటే నలుగురే వచ్చినారు. ఐదోవాడు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి ఆరున్నరకు వచ్చినాడు. కనుబొమ్మల మీద గూడా రాతిపొడి. “ఇంటికి పోయి పండుకో నాయనా, ఇంకో ఆదివారం వద్దువులే” అన్నాను. “పండుకుంటే మళ్ళ లేయనన్నా” అన్నాడు.

ఎర్రమలలో చిన్న గట్టు ఒకటి ఎక్కించినాం. కొత్తవాళ్ళకు ఎర్రమల మంచిది. రొంత ఆయాసపడి పైకి చేరితే అంతా చదును, కూచోను చోటు దొరుకుతుంది. కింద మా నాపరాయిదీ అదే గుణం. పొరలు పొరలుగా పడుకొని ఉంటుంది, గడ్డపార దించితే పలకలుగా లేస్తుంది. నల్లమల అట్ల కాదు. అది వచ్చే నెల సంగతి.

జనవరి 23, గురువారం

కొత్తోళ్ళలో టీచరమ్మ, పదో తరగతి చదివే ఆమె కూతురు మా ఇంటికి వచ్చినారు. ఏం బూట్లు కొనాలని తల్లి అడుగుతుంటే పిల్లకు ఆ మాటలే పట్టలేదు. “పూర్ణ నాకంటే చిన్నప్పుడే ఎవరెస్టు ఎక్కింది కదా సార్?” అంది. అవును, 2014 మే 25న. అప్పటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. పదహారు నిండనిదే నేపాల్ వైపు నుంచి ఎక్కనీయరు కాబట్టి ఆమెను, ఆనంద్‌కుమార్‌ను టిబెట్ వైపు నుంచి తీసుకుపోయినారు. “దానికి ముందు భువనగిరి గుండు మీద ఎన్నిసార్లు జారిందో అది గూడా కనుక్కోమ్మా” అన్నాను.

తర్వాత మల్లి మస్తాన్‌బాబు గురించి అడిగింది. నెల్లూరు జిల్లా మనిషి, 2006లో ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కినాడని చెప్పినాను. 2015లో ఆండీస్ నుంచి తిరిగి రాలేదన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తల్లి వింటోంది. టీ తెప్పించినాను.

ఫిబ్రవరి 1, శనివారం. దిగువ అహోబిలం

అవుకు నుంచి కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ మీదుగా చీకటిపడేసరికి చేరినాం. సత్రంలో అరుగు మీది ముసలాయన “సామి ఊర్లో లేడు” అన్నాడు. కొత్తోళ్ళు బిత్తరపోయినారు. పారువేట జరుగుతోంది. కనుమనాడు మొదలుపెట్టి నలభై రోజులకు పైగా జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో ఊరూరూ తిరుగుతారు. చెంచులక్ష్మితో తన పెండ్లికి రమ్మని సామే వచ్చి పిలుస్తాడని ఈ పల్లెల్లో నమ్మకం. మేమేమో వాట్సాప్‌లో ఒక ముక్క పడేసి, రానివాణ్ణి తిట్టుకుంటాం.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఎగువ అహోబిలంలో ఉగ్గాని బజ్జి. తలా ఒక వెదురు కర్ర. భవనాశి ఏట్లో నీళ్ళు తక్కువ, గుండ్లు ఎక్కువ. జ్వాలా నరసింహుడి గుడి ముందు కొండ మీంచి పడే ధార ఈ కాలానికి చినుకులైంది. అయినా అందరూ కింద తలపెట్టి నిలబడినారు.

అక్కడినుంచి ఉగ్రస్తంభం కొండ ఎక్కుడు. మా గుంపులో ఒకటే కట్టుబాటు: కొత్తోళ్ళు ముందు, పాతోళ్ళు వెనక. పాతవాడు ముందు నడిస్తే వాని వీపును చూస్తూ కొత్తవాడు ఊపిరికి మించి అడుగులేస్తాడు. దారిలో నీళ్ళు, కబుర్లు, ఒకరి చెప్పు తెగడం. ఇవన్నీ రాయనక్కరలేదు.

కొసన, చేతులతో గూడా పాకవలసిన చోట, ఫ్యాక్టరీ పిల్లోడు ఆగిపోయినాడు. రోజంతా బండలెత్తే మనిషి. మోకాళ్ళు వణుకుతున్నాయి. “నాకు కాదన్నా” అన్నాడు.

1998లో ఇదే చోట నేనూ ఆగినాను. వెనకనుంచి ఒక పెద్దమనిషి “చీర కట్టుకోరాదా” అన్నాడు. రోషంతో ఎక్కినాను. పైన ఏం చూసినానో ఈరోజుకీ గుర్తు లేదు. ఆ మాట గుర్తుంది.

అందరినీ పంపించి వాని పక్కన కూచున్నాను. సంచిలోంచి వేయించిన బుడ్డలు తీసినాను. ఒలుచుకుంటూ వాడు ఎడమ అరచెయ్యి రాతిమీద ఆనించి అట్లే ఉంచినాడు, ఎద్దు మూపురం మీద పెట్టినట్టు. తర్వాత ఇనుప మేకుతో గీరినాడు. గీత పడలేదు. “మన రాయి కాదన్నా ఇది. దీన్ని కోస్తే బ్లేడు పోతాది” అన్నాడు. నేను పాతికేళ్ళుగా ఈ కొండ ఎక్కుతున్నాను, ఒక్కసారి గూడా గీరి చూడలేదు.

పైనుంచి పిల్ల కేక వినపడింది. తల్లి కేక అంతకంటే గట్టిగా. దిగేటప్పుడు ఇద్దరి సంచులూ వాడే మోసినాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం. అవుకు

ఫ్యాక్టరీ పిల్లోడు కట్ట మీదికి అందరికంటే ముందు వచ్చినాడు. జేబులోంచి గుప్పెడంత ఎర్రరాయి తీసి చూపించినాడు. అక్కడ ఏరుకొని, ఫ్యాక్టరీలో ఒక మూల మెరుగుకు పెట్టినాడట. మెరుగు రాలేదు గానీ మేస్త్రీతో తిట్లు వచ్చినాయట. అడవిలోంచి ఏదీ తేగూడదని కొత్తోళ్ళకు చెప్పే పని నాది. చెప్పడం మరిచినాను.

చెప్పినాను. రాయిని చేతిలో తిప్పుకుంటూ కాసేపు నిలబడినాడు.

“పోయి ఆడ్నే పెట్టేస్తానన్నా. మనం కూచున్న కాడ. ఎప్పుడు పోతాం?”