పేకాట వార్తలకు కొత్త గొంతు

మన దేశంలో పోకర్ వార్తల పాడ్‌కాస్ట్‌కు వ్యాఖ్యాతను వెతికేవారికి ఇంతకాలం ఆట తెలిసి, మాటకారి అయితే సరిపోయేది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ కొలతను మార్చివేసింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని అడగదు. ఆన్‌లైన్‌లో డబ్బు ఒడ్డించే ఆట అయితే చాలు, నిషేధమే. దానికి ప్రకటన ఇచ్చినా 2 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కనుక కొత్తగా వచ్చే వ్యక్తికి వార్తకూ ప్రచారానికీ నడుమ ఉన్న గీత తెలియాలి. గెలిచినవాడి పేరు చదివే గొంతు పోగొట్టుకున్నవాడి అప్పును కూడా చెప్పగలగాలి. అటువంటి గొంతు దొరికేదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉండటమే మేలు.