కత్తి సగం, పిడి సగం

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సు ఎక్కేవారిలో చాలామంది రాములవారి దర్శనానికి పోయేవారే. కొత్తగూడెం, పాల్వంచ దాటేసరికి రోడ్డుకు రెండు ప్రక్కలా టేకు, మద్ది, మోదుగ చెట్లు దగ్గరకు జరుగుతాయి. యాత్రికులు మాత్రం కునికిపాట్లు పడుతూ, గోదావరి వంతెన వచ్చినప్పుడు గాని కళ్ళు తెరవరు. మధ్యనున్న అడవి కోసమని బయలుదేరేవారు అరుదు. మా ప్రయాణం మరీ విచిత్రమైనది. పూర్వం రాతికత్తికి దుప్పికొమ్ముతో పిడి ఎలా వేసి వుంటారో, అందుకు ఈ అడవిలో ఏమేమి దొరుకుతాయో చూడాలని నా కోరిక. "ఇంట్లో కత్తిపీట ఊగుతున్నా పట్టదు గాని, రాతికత్తికి పిడి కావలసి వచ్చింది!" అని మా ఆవిడ దారి పొడుగునా పరిహాసం.

పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం ప్రక్కన, 1974లో ఏర్పాటు చేసిన జింకల పార్కు వుంది. చుక్కల దుప్పులు మందలు మందలుగా నీడపట్టున నెమరు వేస్తున్నాయి. కొన్నిటికి చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు, కొన్నిటికి బోడితల. "వాటి కొమ్ములు ఎవరు కోశారు నాన్నా?" అన్నాడు మా అబ్బాయి.

ఎవరూ కోయలేదు. మనం 'కొమ్ము' అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు వస్తువులను సరిపెట్టుకుంటున్నాం. ఆవు, గేదె, కృష్ణజింక - వీటి కొమ్ముకు లోపల ఎముక, పైన మన గోరువంటి పదార్థంతో తొడుగు. అది రాలదు. దుప్పి, కణుజుల కొమ్ము అలా కాదు. అది ఆసాంతం ఎముకే. మగవాటికే వస్తుంది. ముఖమలువంటి చర్మం కప్పుకుని మొలిచి, పెరిగి, ముదిరి, ఆ చర్మం ఊడిపోయి, చివరకు తానే రాలి, మళ్ళీ మొలుస్తుంది. తెలంగాణా రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. రెండింటినీ జింక అనే పిలుస్తాం గాని, కొమ్ముల దగ్గరకు వచ్చేసరికి ఒకదానికొకటి పొత్తు లేదు.

పిడికి ఈ దుప్పికొమ్ము ఎందుకు మంచిదంటే, పైన గట్టి, లోపల బెండులాంటి గుల్ల. మామూలు ఎముక పగిలే దెబ్బను కూడా ఇది ఓర్చుకుంటుంది. అంతేకాదు, రాతికత్తి తయారు కావడానికి కూడా ఈ కొమ్మే సాయం. చెకుముకిరాయిని మరో రాతితో కొట్టి పలుచని పెచ్చు ఊడదీస్తారు. ఆ పెచ్చు అంచును కొమ్ము మొనతో నొక్కి, చిన్న చిన్న పొరలు రాలుస్తారు. సాన పట్టనక్కర లేకుండానే అంచు తెగుతుంది.

ఇక పిడి. కొమ్మును కొన్నాళ్ళు నీళ్ళలో నాననిస్తే కోతకు లొంగుతుంది. పిడికిలికి సరిపోయే ముక్క తీయాలి. పిడి, పిడికిలి, పిడికెడు ఒకే ఇంటి మాటలు గదా! చివర గుల్లను తొలిచి, రాయి వెనుకభాగం దిగేటంత గాడి చేయాలి. గాడి మరీ బిగువైతే రాయి విరుగుతుంది, వదులైతే ఊగుతుంది. ఆ మిగిలిన సందును ఏది నింపుతుందో దానిమీదనే కత్తి ప్రాణం ఆధారపడి వుంది.

బంకలకు ఈ అడవిలో లోటు లేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏళ్ళ తరబడి గిరిజనుల దగ్గర కొన్న తపసి బంక ప్రసిద్ధమైనదే. మందుల్లో వాడతారు. కాని అది నీరు తగిలితే ఉబ్బుతుంది. మాంసం కోసే కత్తికి పనికిరాదు. వేడికి కరిగి, చల్లారితే బిగిసి, తడికి చలించనిది కావాలి. మోదుగ కొమ్మలకు పట్టే లక్క అటువంటిది. గుగ్గిలమూ అటువంటిదే. గుగ్గిలం ఒక్కటే అయితే పెళుసు. తేనెమైనం కలిపితే కాస్త సాగుతుంది. బొగ్గుపొడి చేరిస్తే కుదురుకుంటుంది. ఎక్కువ కాచితే మాడి పట్టు పోతుంది. అరిసెల పాకం పట్టిన చేతికి ఇందులో కష్టం అర్థమవుతుంది. అది ఆరాక పైన నరమో, నారో చుట్టాలి. జంతువు నరాన్ని తడిగా చుడితే ఎండుతూ తానే బిగుస్తుంది. ఇక్కడ నారకు అడ్డతీగ వుంది. మన విస్తళ్ళకు ఆకులిచ్చే తీగే అది.

ఇంతా చేస్తే మిగిలేది రాయి మాత్రమే! సత్తుపల్లి వైపు లంకపల్లి దగ్గర నీలాద్రి కొండపై పూర్వులు గీసిన బొమ్మలున్నాయి. పినపాక వైపు జానంపేటలో రాక్షసగుళ్ళు అనే పెద్ద బండల సమాధులున్నాయి. అవి ఇనుము వచ్చిన తరువాతివి. బండ నిలిచింది, బొమ్మ నిలిచింది. ఎర్రమట్టిలో కొమ్ము, లక్క, నార నిలవవు. అందుకే మ్యూజియంలో మనం కత్తి అనుకుని చూసేది సగం కత్తి. పూర్వపు కర్నూలు జిల్లా సున్నపురాతి గుహల సంగతి వేరు. అక్కడ ఎముక చెడదు. బిల్లసర్గం గుహల్లో 1884-85లో బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు త్రవ్వితే ఎముక పనిముట్లు బయటపడ్డాయి. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళనాటి మనిషి దగ్గర చెకుముకి బాకు చెక్కపిడితో సహా వుంది. అతని దగ్గరే, కర్రలో దిగగొట్టిన కొమ్ముమొన కూడా! మంచు దాచిపెట్టబట్టి మనకు పూర్తి కత్తి కనపడింది.

పర్ణశాలకు పోయే దారిలో ఒక కోయగూడెం దగ్గర ఆగాము. సీతమ్మ బంగారులేడిని చూసిన చోటని యాత్రికులు చెప్పుకునే ప్రాంతం. ఒక ముసలాయన చెట్టుకింద ఇనుపకత్తికి వెదురుపిడి వేస్తున్నాడు. నేను రాతికత్తి మాట ఎత్తితే నవ్వి, "ఇనుముండగా రాయెందుకు సారూ?" అన్నాడు. పని మాత్రం అదే పని. వెదురు బోలులో లక్కపొడి పోసి, కత్తితోక కాల్చి దింపాడు. చుయ్యిమని పొగ లేచింది. చివర రోకటిపొన్నులాగా చిన్న ఇనుపకట్టు తొడిగాడు. ఇనుము రాయిని వెళ్ళగొట్టింది గాని, లక్కను వెళ్ళగొట్టలేకపోయింది.

1941లో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారిమీద గ్రంథం ప్రకటించిన హైమెండార్ఫ్ దొర, గొడ్డలి, ఇనుపమొన కర్ర మీద ఆధారపడిన పోడుసేద్యాన్ని వర్ణించాడు. ఆ ప్రాంతంలో కూనవరం, వరరామచంద్రపురం మండలాలు పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు కదిలినప్పుడు కత్తిని మూటలో కట్టుకుపోవచ్చు. ఏ మోదుగకు లక్క పట్టింది, ఏ అడ్డతీగ నారకు ముదిరింది అనే ఎరుక మాత్రం ఆ చెట్ల దగ్గరే వుండిపోతుంది. నాకు బెంగ కలిగించింది ఇదే.

దుప్పికొమ్ము మీద ఎవరైనా ఆశపడతారేమోనని ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల ప్రకారం ఆ కొమ్ముల వ్యాపారం నిషిద్ధం. అభయారణ్యంలో రాలిన కొమ్మును ఏరి తెచ్చుకోవడం కూడా నేరమే. రాలినది వృథా పోదు. సున్నం కోసం ముళ్ళపందులు కొరుకుతాయి. పిడి కావాలంటే వెదురుంది, చెక్క వుంది.

మా ఆవిడ బేరమాడకుండానే ఆ వెదురుపిడి కత్తి కొన్నది. కూరలు తరగడానికి బాగుంటుందట. ముసలాయన డబ్బు నడుమున దోపుకుని, కత్తిని ఆమె చేతికిస్తూ, "పొయ్యి కాడ పెట్టకమ్మా, లక్క కరిగి పిడి ఊడొస్తది" అన్నాడు.

"సరే తాతా" అని ఆమె దాన్ని అడ్డాకుల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.